ఒక మంగళవార్తకు ఒక తట్ట

ఉత్తరాన మంచుకొండల్లో యుద్ధం ఆగిపోయిన మూడు నెలలకు అది జోజిపాలెం వచ్చింది. ఆలస్యానికి యుద్ధాన్ని తప్పుపట్టడానికి లేదు. కాగితం ఢిల్లీలో బయల్దేరి, రాజధానిలో ఆగి, జిల్లా కచేరీలో నిద్రపోయి, తాలూకాలో సంతకం కోసం వరండాలో కూర్చుని, చివరికి బస్సెక్కి రావాలంటే ఆమాత్రం పడుతుంది. విమానదాడి జరిగినప్పుడు ప్రజలు తలదాచుకోవడానికి ప్రతి గ్రామంలోనూ నూటయాభై గజాల కందకం తవ్వాలని ఆ కాగితంలో ఉంది. జోజిపాలెం మీదుగా అప్పటివరకూ ఎగిరినవాటిలో పెద్దది గద్ద.

కాగితం వెంట తహశీల్దారు విశ్వపతిరావుగారు కూడా వచ్చారు. బడిలో సభ పెట్టారు. ఊరంతా కథోలికులే కనుక గుడి గంట కొడితే చాలు, సభ నిండింది. వెనక బల్ల చివర, గుంటలు తీసే చిన్నప్ప చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఊళ్లో ఎవరు పోయినా సమాధుల దొడ్డిలో గుంట తీసేది అతనే. మట్టి పని అన్నచోట తనకి కబురు రాక తప్పదని అతనికి తెలుసు.

"ప్రస్తుత జాతీయ అత్యవసర పరిస్థితి దృష్ట్యా," అన్నారు తహశీల్దారుగారు, "ప్రజాశక్తిని సమీకరించవలసిన గురుతర బాధ్యత మనందరి భుజస్కంధాలపై ఉన్నది. మీ మతస్థుల చూపు రోమాపురి వైపు ఉంటుందని కొందరిలో ఒక అపోహ కలదు. దానిని తొలగించుకొనుటకు ఇది సదవకాశం. కందకానికి నిధులు మాత్రం లేవు."

సంఘపెద్ద ఆవుల ఇన్నారెడ్డికి చురుక్కుమంది. యుద్ధం అన్న మాట చెవినపడ్డ రోజే గుళ్లో జోజప్పగారి స్వరూపం చేతిలో లిల్లీపువ్వు పక్కన జెండా గుచ్చిన మనిషి ఆయన. ఇంకా అపోహ ఏమిటి?

"మావోళ్లకి కూలెందుకండీ," అన్నాడు లేచి. "శనివారం శనివారం పాపసంకీర్తనానికి పోతారు. చేసిన పాపం సామి చెవులో చెబుతారు. సామి ఏ ప్రాయశ్చిత్తం చెబితే అది కిమ్మనకుండా చేసొస్తారు. యాభై మంగళవార్త జపాలు చదవమంటే యాభై. నలభైతొమ్మిదికి లేచినోణ్ణి నేను చూళ్లా."

తహశీల్దారుగారు కలం మూత తీశారు.

"యాభై జపాలకు ఎంతసేపు పట్టును?"

"పావుగంట, ఇరవై నిమిషాలు."

"జనాభా?"

"పాపం చేసే వయసొచ్చినోళ్లు మూడొందల మంది."

ఆయన కాసేపు లెక్క వేసుకుని బాధగా తలెత్తారు. "అనగా ప్రతి శనివారం ఈ గ్రామంలో ఇంత శ్రమశక్తి వృథాగా ఆకాశంలోకి పోవుచున్నదన్నమాట."

ఊరి గుడి చూసుకునే విచారణ గురువు బాలశౌరి స్వాములు మెత్తని మనిషి. ఆయన లేచి, పాపసంకీర్తనం రహస్యమనీ, ఎవరు ఏ పాపం చేశారో పోపుగారు అడిగినా చెప్పకూడదనీ అన్నారు.

"పాపం మీ వద్దే ఉంచుకొనండి ఫాదర్. ప్రభుత్వానికి మట్టి చాలును."

స్వాములవారు తమ పైన ఉండే పీఠాధిపతిగారికి ఉత్తరం రాశారు. వివేకంతో మెలగవలసిందని జవాబు వచ్చింది. వివేకం అంటే ఏమిటో అందులో రాయలేదు. ఈలోగా తాలూకా నుంచి పట్టిక వచ్చేసింది. మంగళవార్త జపానికి ఒక తట్ట మట్టి. పరలోక జపం కాస్త పొడుగు కనుక రెండు. పూర్తి జపమాలకు అరవై. పద్నాలుగు స్థలాల దగ్గర ఆగి చదివే సిలువ మార్గానికి ఒక గజం కందకం. స్వాములవారు ఎప్పటిలాగే జపాలే చెబుతారు, బయటికొచ్చినవాణ్ణి గుడి గుమ్మంలో ఇన్నారెడ్డి "ఎన్ని?" అని అడుగుతాడు, చిన్నప్ప పలుగూ పారా ఇచ్చి, తట్టలు లెక్కపెట్టి, గోడ మీద పేరు పక్కన సుద్దగీత గీస్తాడు. ఎవరి మనస్సాక్షికీ ఇబ్బంది లేని ఏర్పాటు.

కందకం దారి పటంలో వంకరటింకరగా అచ్చువేసి ఉంది. గుడి వెనక మొదలై, ఏడు మలుపులు తిరిగి, సమాధుల దొడ్డి మూలలో ఆగుతుంది. చిన్నప్ప ఆ దారమ్మటే అడుగులేసుకుంటూ నడిచాడు. నూట యాభయ్యో గజం దగ్గర ఆగిపోయాడు. అక్కడ కాతరీనమ్మ అనే ముసలామె సమాధి ఉంది. సిమెంటు లేదు, సిలువను ఎప్పుడో చెదలు తినేశాయి. అక్కడో సమాధి ఉందని చిన్నప్పకు తప్ప ఎవరికీ గుర్తులేదు. అతను మాత్రం పద్నాలుగేళ్లుగా ఒక్కరోజూ మరిచిపోలేదు.

"అయ్యా, అటు రాయి పడుద్దండి. తూర్పుకి తిప్పితే మెత్తని నేల," అన్నాడు.

"పటము జిల్లా కార్యాలయం నుండి ఆమోదించబడి వచ్చినది," అన్నారు తహశీల్దారుగారు. "రాయి ఉండుటకు వీలులేదు."

చదువుకున్నవాడు గీసిన గీతకి తవ్వేవాడి మాట ఎప్పుడు అడ్డొచ్చింది గనక.

కాతరీనమ్మను పాతిపెట్టిన రోజు ముసురు. గుళ్లోంచి రెండు పెద్ద ఇత్తడి సెమ్మెలు తెచ్చి, కొవ్వొత్తులు వెలిగించి గుంటకు అటొకటి ఇటొకటి పెట్టారు. గాలికి ఒత్తులు ఆరిపోయాయి, జనం వానకు పరుగెత్తారు. చిన్నప్ప ఒక్కడే తలవంచుకుని గబగబా పూడ్చాడు. పూడ్చాక చూస్తే సెమ్మె ఒకటే ఉంది. రెండోది గట్టు జారి మట్టితోపాటు లోపలికి పోయింది. మళ్లీ తవ్వుదామంటే, మంత్రించిన సమాధిని తవ్వడం మహాపాపమని చిన్నప్పటినుంచీ విన్నాడు. చెబుదామంటే అప్పటి స్వాములు దొరగారు, బెత్తం లేకుండా మాట్లాడరు. రేపు చెబుదాం అనుకున్నాడు. తెల్లారి అతను నోరు తెరిచేలోపే, గుడి వస్తువులు చూసుకుంటూ గంట కొట్టే రాయప్పే సెమ్మె అమ్ముకున్నాడని ఇన్నారెడ్డి పంచాయితీ తీర్చేశాడు. రాయప్ప చేతిలోంచి గంట తాడు లాగేశారు. అప్పటినుంచీ రాయప్ప పూజకు వచ్చినా గుమ్మం దగ్గరే కూర్చుంటాడు. ఇంటి దగ్గర నులకమంచాలు అల్లుకుని బతుకుతున్నాడు.

రాయప్ప చిన్నప్ప భార్య సలోమికి స్వయానా అన్న.

ఇదీ చిన్నప్ప సంగతి. ప్రతి శనివారం అన్ని పాపాలూ చెప్పుకుని ఆ ఒక్కటీ నాలుక కింద పెట్టుకుని వచ్చేవాడు. దాచి చెప్పడం రెండో పాపమని తెలుసు. అదీ దాచేవాడు. ఇప్పుడు ఊరివాళ్ల పాపాలన్నీ కలిసి, తట్ట తట్టగా, అతని పాపం వైపు నడిచి వస్తున్నాయి.

మొదటి శనివారమే నలభై గజాలు తెగింది. దేశభక్తి అంటే ఇదీ అన్నాడు ఇన్నారెడ్డి. కానీ జనం కందకం వైపు చూడటం లేదు, గోడ వైపు చూస్తున్నారు. స్వాములవారు ఎవరికి ఎన్ని జపాలు చెప్పారో ఇన్నాళ్లూ దేవుడికే తెలుసు. ఇప్పుడు సుద్దగీతలు లెక్కపెట్టగలిగిన ప్రతివాడికీ తెలుస్తోంది.

"లూకయ్య మేష్టారికి నలభై అంట," అంది నీళ్ల దగ్గర ఒకామె.

"నలభయ్యా? పిల్లోళ్లని కొట్టినందుకు అన్ని ఉండవే. ఇంకేదో ఉంది."

మేష్టారి భార్యకు ఆ ఇంకేదో ఏమిటో తెలియదు కనుక మేష్టారు ఆ వారం బడిలోనే పడుకున్నారు. రెండో శనివారం ఒక ముసలాయనకు డెబ్బై తట్టలు పడితే, ఈ వయసులో కూడానా అని కుర్రాళ్లు ఆయన్ని గౌరవంగా చూడటం మొదలుపెట్టారు. సలోమి మొగుడి పేరు పక్కన అయిదే గీతలు చూసుకుని నలుగురిలో తలెత్తుకు తిరిగింది.

"మా ఆయన నోట్లో నాలుకలేని మడిసి," అని చెప్పుకుంది. "పాపం చేద్దామన్నా చేతకాదు."

చిన్నప్ప ఆ రోజు గోడ వైపు చూడకుండా చుట్టుదారిన ఇంటికెళ్లాడు.

మూడో శనివారానికి ఊరు మారిపోయింది. అందరూ పుణ్యాత్ములైపోయారు. పాపసంకీర్తనపు గూట్లోకి వెళ్లి, దోమను చంపాను సామీ, పూజలో ఆవలించాను సామీ అని చెప్పి, రెండు మంగళవార్తలతో బయటపడుతున్నారు. కందకం తొంభై గజాల దగ్గర ఆగిపోయింది. చిన్నప్పకు ప్రాణం లేచొచ్చింది. పలుగులు ఇస్తూ, జీవితంలో మొదటిసారి నీతులు చెప్పాడు.

"మంచిగా ఉండండ్రా. ఈ నలభై రోజుల తపస్కాలం ఒక్కటి మంచిగా ఉంటే ఏం పోయింది."

"నీకేందిరా చిన్నప్పా ఇంత భక్తి?"

"భక్తి కాదురా. ఎండలో గీతలు గీయలేక చస్తన్నా."

తహశీల్దారుగారు తనిఖీకి వచ్చి టేపు పట్టి కొలిపించారు. ముఖం గంటు పెట్టుకున్నారు.

"ఇది తీవ్రమైన పాపాభావ పరిస్థితి," అన్నారు. "మార్చి మాసాంతానికి నిర్ణీత లక్ష్యంలో అరవై శాతమే సాధించబడినది. కారణములు వివరించవలెను."

"జనం మంచోళ్లయిపోయారండి," అన్నాడు ఇన్నారెడ్డి సిగ్గుపడుతూ.

"అత్యవసర పరిస్థితిలోనా?"

వారంలోగా చర్యలు మొదలయ్యాయి. చింతతోపులో పేకాటను కానిస్టేబులు చూసీ చూడనట్టు పోవాలని, జాతీయ రక్షణ ప్రయోజనాల దృష్ట్యా, ఉత్తర్వు వచ్చింది. నలుగురు ఆడవాళ్లు కలిసినచోట పొరుగింటి మాటలు చెప్పుకోవడాన్ని నిరుత్సాహపరచరాదని దండోరా వేశారు. ఆటగాళ్లు తోపులో కూర్చుని రెండు రోజులు ముక్కలు వేశారు గానీ, కానిస్టేబులు చెట్టు కింద నిలబడి "కానివ్వండి, కానివ్వండి" అంటుంటే పేకలో రుచి పోయింది. మూడో రోజు ఎవరూ రాలేదు. సర్కారు చేయమన్న పాపం కూడా సర్కారు పనిలాగే సాగింది.

అప్పుడు తాలూకాలో ఒక గుమాస్తాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. యుద్ధకాలంలో బియ్యం దాచుకోవడం నేరం. కిరసనాయిలు దాచుకోవడం నేరం. పాపాలు దాచుకోవడం మాత్రం నేరం ఎందుకు కాకూడదు? పాస్కా పండగకు వారం ముందొచ్చే మట్టల ఆదివారంలోపు పాత నిల్వలన్నీ వెల్లడించాలనీ, వెల్లడించినవారిపై కుటుంబసభ్యులు ఎటువంటి చర్యా తీసుకోరాదనీ, ఆ తర్వాత బయటపడితే దేశద్రోహంగా పరిగణించబడుననీ ఇన్నారెడ్డి గుడి మెట్ల మీద చదివాడు.

దేశద్రోహం అనేసరికి జనం జడిశారు. ముప్పై ఏళ్ల కిందటి పాపాలు బయటికొచ్చాయి. మామిడికాయలు కోసినవాళ్లు, సరిహద్దు రాయి జరిపినవాళ్లు, పెళ్లికి ముందు ఉత్తరం రాసినవాళ్లు, రాసిన ఉత్తరం అందుకున్నవాళ్లు. ఆ వారం పగలంతా పలుగుల మోతే. వంద గజాలు. నూట ఇరవై. మట్టల ఆదివారం ముందు శుక్రవారానికి కందకం దొడ్డి గోడ పగలగొట్టుకుని లోపలికొచ్చి, కాతరీనమ్మ సమాధికి ఎనిమిది గజాల దూరంలో ఆగింది. ఊళ్లో పాత నిల్వలు అయిపోయాయి, ఒక్కటి తప్ప.

శనివారం పొద్దున చిన్నప్ప గూట్లో మోకాళ్లూనాడు. ఆ మాట చెప్పడానికి పద్నాలుగేళ్లు, నాలుగు నిమిషాలు పట్టింది. జాలీకి అవతల స్వాములవారు జపమాల పక్కన పెట్టారు.

"దీనికి జపాల్లేవు చిన్నప్పా," అన్నారు. "రాయప్ప దగ్గరికి పోయి చెప్పు. ఆ తర్వాత ఊరు వినేటట్టు చెప్పు. అదే ప్రాయశ్చిత్తం."

"సామీ, అయిదొందల తట్టలు మోస్తా."

"తట్టలడగలేదు నేను."

"వెయ్యి. రాత్రింబగళ్లు మోస్తా సామీ. పాస్కా పండగనాటికి మొత్తం తవ్విపెడతా."

"మట్టి మోయడం నీకు కష్టమేందయ్యా, అది నీ పనేగా," అన్నారు స్వాములవారు మెల్లగా. "పో."

గుమ్మంలో ఇన్నారెడ్డి అడిగాడు. "ఎన్నిరా?"

"లేవండి."

"లేవంటే?"

"తట్టల్లేవన్నారండి సామి."

ఇన్నారెడ్డి పట్టిక పైనుంచి కిందికి చూశాడు. క్షమాపణ అడగడానికి అందులో రేటు లేదు. చిన్నప్ప పేరు పక్కన సున్నా వేసి, పక్కనే 'సహకారం తక్కువ' అని రాసుకున్నాడు.

రాయప్ప వాకిట్లో మంచం అల్లుతున్నాడు. చిన్నప్ప నిలబడే చెప్పాడు. చెప్పినంతసేపూ రాయప్ప చేతిలో నులక ఆగలేదు. చెప్పడం అయిపోయాక ఆగింది.

"ముసల్దాని గుంటలోనా?"

"అవును బావా."

"నీకు తెలుసు. ఆ మర్నాడు నన్ను పంచాయితీలో నిలబెట్టినప్పుడు నువ్వు జనంలో ఉన్నావు."

"ఉన్నా."

"నా ఎనకే నిలబడ్డావు. భుజం మీద చెయ్యేశావు కూడా."

చిన్నప్పకు నేలలోకి పోవాలనిపించింది. గుంటలు తీసేవాడికి కూడా అవసరానికి గుంట దొరకదు.

అంతలో పన్నెండు గంటల దేవదూత జపం గంట మోగింది. ఎవరో కుదురులేని చేతులతో కొడుతున్నారు. రాయప్ప పెదాలు వాటంతటవే కదిలాయి. కదిలి, మధ్యలో ఆగిపోయాయి.

"పొద్దున ఒకసారి, ఇప్పుడొకసారి, సాయంత్రం ఒకసారి," అన్నాడు. "గంట మోగినప్పుడల్లా ఆ దొంగ నాకొడుకుని తిడతా. వాడి చేతులు పడిపోవాలని, వాడి ఇంట్లో పొయ్యి ఎలగకూడదని. పద్నాలుగేళ్లు. రోజుకు మూడుసార్లు. మా చెల్లెలి ఇంట్లో పొయ్యి అన్నమాట అది." లేచి కండువా దులిపాడు. "ఇన్ని తిట్లూ నేనేం చేసుకోను? నడువు."

రాయప్ప గూట్లో ఎంతసేపు ఉన్నాడో ఎవరూ లెక్కపెట్టలేదు. బయటికొచ్చాక ఇన్నారెడ్డి అడగకముందే చెప్పాడు.

"ఎనిమిది సిలువ మార్గాలు."

ఎనిమిది గజాలు. మిగిలింది సరిగ్గా అంతే. ఊళ్లో అంత ప్రాయశ్చిత్తం ఎవరికీ పడలేదు. ఏం చేశాడో అని జనం గుసగుసలాడుకుని, సెమ్మె సంగతి గుర్తుచేసుకుని, ఓహో అనుకుని తలలాడించారు.

సోమ, మంగళ, బుధవారాలు రాయప్ప ఒక్కడే తవ్వాడు. పక్కన తట్టలు మోసింది చిన్నప్ప. అతని పేరు మీద తట్టల్లేవు కనుక ఆ మోత లెక్కకు రాదని ఇన్నారెడ్డి రెండుసార్లు హెచ్చరించాడు. సమాధి దగ్గరికి వచ్చాక చిన్నప్ప పలుగు తీసుకుని, ఎముకలకు తగలకుండా పక్కగా, చేత్తో గోకినట్టు తవ్వాడు. బుధవారం సాయంత్రం తహశీల్దారుగారు లక్ష్యసాధనను కళ్లారా చూడ్డానికి వచ్చి గట్టున నిలబడ్డారు. ఊరంతా చుట్టూ మూగింది. అప్పుడు పార అంచుకు ఠంగుమంది.

పచ్చగా చిలుంపట్టిన సెమ్మెను రాయప్ప పైకెత్తి గట్టు మీద పెట్టాడు.

"చూశారా," అన్నాడు ఇన్నారెడ్డి జనం వైపు తిరిగి. "అమ్ముకోలా. ఇక్కడ పాతిపెట్టాడు. ఎక్కడుందో తెలిసినోడు గనకే నేరుగా తవ్వాడు. నేను ఆనాడే చెప్పానా?"

రాయప్ప పార కింద పెట్టాడు. కందకంలో నిలబడి చిన్నప్ప వైపు చూశాడు. జనంలో ముందు వరుసలో సలోమి కొంగు నోటికడ్డం పెట్టుకుని అన్న వైపు చూస్తోంది.

చిన్నప్ప కందకంలోంచి పైకెక్కాడు.

"దొంగ లేడు రెడ్డిగారూ. వానలో అది గుంటలోకి జారింది. నేను చూసుకోకుండా పూడ్చా. మీరు మా బావని పంచాయితీలో నిలబెట్టినప్పుడు నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నా."

ఇన్నారెడ్డి జేబులోని పట్టిక తీసి చూశాడు గానీ అందులో ఆయనకు పనికొచ్చేదేమీ కనపడలేదు. సలోమి వచ్చి, అన్న చేతి మట్టి కొంగుతో తుడిచింది. మొగుడి వైపు తిరిగింది.

"అయిదు గీతలు," అంది. "అయిదు గీతలని ఊరంతా చెప్పుకున్నా గదయ్యా."

ఈలోగా తహశీల్దారుగారు వంగి సెమ్మె అడుగున చెక్కిన అక్షరాలు పరిశీలించారు. లాటిన్ ఆయనకు రాదు.

"అన్యదేశ లిపి," అన్నారు గంభీరంగా. "భూగర్భమున లభ్యమైన విదేశీ లోహవస్తువు. రక్షణ నిబంధనల మేరకు స్వాధీనపరచుకొనడమైనది."

సెమ్మె గోనెలో కట్టుకుని జీపులో పెట్టించారు. అది పద్నాలుగేళ్లు మట్టిలో ఉంది. ఇప్పుడు ఇనప బీరువాలో ఉంది. ఇంతవరకూ తిరిగి రాలేదు.

పాస్కా పండగ తర్వాత జిల్లా నుంచి పెద్ద అధికారి వచ్చి, తాలూకాలోనే అత్యధిక శ్రమదానం చేసిన దేశభక్తుడిగా రాయప్పకు అద్దం కట్టిన పత్రం ఇచ్చారు. ఇంత అమోఘమైన కృషికి స్ఫూర్తి ఎవరని అడిగారు.

"మా చెల్లెలి మొగుడండి," అన్నాడు రాయప్ప.

ఆ నెలాఖరుకు ఇంకో కాగితం వచ్చింది. కందకాల్లో పశువులు పడి కాళ్లు విరుగుతున్నాయి కనుక వెంటనే పూడ్చవలసిందని. దేనితో పూడ్చాలో అందులో లేదు. ఇన్నారెడ్డి పాత పట్టిక పట్టుకుని గుళ్లోకి వెళితే, బాలశౌరి స్వాములు దాన్ని అందుకుని, మడిచి, తమ జపపుస్తకంలో గుర్తుకోసం పెట్టుకున్నారు. మర్నాటి నుంచి ఎవరి జపాలు వాళ్లవి. కందకం వానలే పూడుస్తున్నాయి.

గంట తాడు మాత్రం స్వాములవారే తెచ్చి రాయప్ప చేతికిచ్చారు. మొదటిరోజు మధ్యాహ్నం రాయప్ప గంట కొడుతుంటే, గోపురం కింద చిన్నప్ప కూర్చుని విన్నాడు. మూడు, మూడు, మూడు, ఆ తర్వాత వరసగా తొమ్మిది. కుదురైన చేయి. తాడు వంకెకు తగిలించి రాయప్ప వచ్చి కాస్త ఎడంగా కూర్చున్నాడు.

"అలవాటైన నోరు చిన్నప్పా," అన్నాడు రాయప్ప. "గంట మోగితే తిట్టు దానంతటదే వస్తంది."

"ఇప్పుడూ తిట్టావా?"

"తిట్టా."

"తిట్టుకో బావా."

"శనివారం చెప్పుకుంటాలే. తట్టల్లేవుగా ఇప్పుడు. మహా అయితే పది మంగళవార్తలు."

చిన్నప్ప అరచేతుల్లో ఎండిపోయిన బొబ్బలు గిల్లుకున్నాడు.

"అయిదు నాకియ్యి," అన్నాడు.